చలికాలం తర్వాత గ్యాస్ (పెట్రోల్) లాన్ మోవర్ స్టార్ట్ అవ్వట్లేదు, సర్వీస్ ఇంట్లోనే చేసుకోవచ్చా?

కొత్తిల్లు_ప్రాస్పర్ (ప్రాస్పర్, టెక్సాస్)

అందరికీ నమస్తే. జనవరిలో ఇల్లు కొన్నాం, అమ్మినాయన వెళ్తూ గరాజ్‌లో గడ్డి కోసే మోవర్ ఒకటి వదిలేసి వెళ్ళారు. టోరో రీసైక్లర్ 22 ఇంచ్‌ది, పైన బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఇంజన్. చూడ్డానికి బానే ఉంది, ట్యాంక్‌లో సగం దాకా పెట్రోల్ కూడా ఉంది, ఎప్పుడు పోశారో మాత్రం తెలీదు. తాడు లాగితే ఇంజన్ తిరుగుతుంది గానీ పట్టుకోదు. స్టార్టర్ స్ప్రే కొడితే రెండు మూడు సెకన్లు బుర్రుమని ఆగిపోతుంది. బెర్ముడా గడ్డి పచ్చబడడం మొదలైంది, ఈ నెలలోనే మొదటి కోత పడాలి. రిపేర్ షాప్‌లో అడిగితే వారాల తరబడి వెయిటింగ్ అన్నారు. నేను ఊళ్ళో బైక్ స్పార్క్ ప్లగ్ తీసి తుడుచుకున్నవాణ్ణే గానీ అంతకు మించి ఇంజన్ జోలికి పోలేదు. ఇది ఇంట్లో అయ్యే పనేనా, ఎక్కడ మొదలుపెట్టాలో కాస్త చెప్పండి.

మెకానిక్_మావయ్య (ఇర్వింగ్, టెక్సాస్)

ఇంట్లో అయ్యే పనే, కంగారు లేదు. మీరు చెప్పిన ఒక్క ముక్కతో సగం తేలిపోయింది. స్ప్రే కొడితే రెండు సెకన్లు తిరిగి ఆగింది అంటే స్పార్క్ వస్తోంది, కంప్రెషన్ ఉంది, పెట్రోల్ మాత్రం లోపలికి అందట్లేదు. అంటే కార్బొరేటర్, పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్లోకి పంపే భాగం. మూలపడ్డ మోవర్లలో నేను చూసినంతవరకు ఎక్కువ భాగం ఇదే కథ, ఇంజన్ శుభ్రంగా ఉంటుంది, పాత పెట్రోల్ చంపేస్తుంది.

ఎందుకంటే ఇక్కడ పంపులో వచ్చేది 10 శాతం ఎథనాల్ కలిసిన పెట్రోల్. ఎథనాల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. నెల దాటేసరికి పెట్రోల్‌లో తేలిగ్గా ఆవిరయ్యే భాగం పోతుంది, మిగిలింది చిక్కబడి బంక కడుతుంది, అది పోయి కార్బొరేటర్‌లో జెట్ అనే సూది బెజ్జం అంత రంధ్రంలో గడ్డ కడుతుంది. నీళ్ళు మరీ ఎక్కువ చేరితే ఎథనాల్, నీళ్ళు కలిసి అడుక్కి దిగిపోతాయి, కార్బొరేటర్‌కి ముందు వెళ్ళేది ఆ అడుగుదే.

ముందు ప్లగ్ వైరు పీకి పక్కన పెట్టండి, ఏ పని చేసినా మొదటి పని అదే. పాత పెట్రోల్ చేతి పంపుతో లాగేసి ఒక డబ్బాలోకి తీయండి, దాన్ని డ్రైన్‌లో గానీ పెరట్లో గానీ పొయ్యొద్దు, సిటీ వాళ్ళు ప్రమాదకర చెత్త తీసుకునే చోటు ఉంటుంది అక్కడ ఇవ్వాలి. తర్వాత ఎయిర్ ఫిల్టర్ విప్పితే వెనక కార్బొరేటర్ కనిపిస్తుంది, దాని కింద చిన్న గిన్నె, గిన్నెకి అడుగున ఒక బోల్టు. కింద గుడ్డ పరిచి ఆ బోల్టు విప్పండి. కొన్ని మోడల్స్‌లో ఆ బోల్టే మెయిన్ జెట్, దానికి నిలువుగా ఒకటి పక్కన ఒకటి రంధ్రాలు ఉంటాయి. కొన్నింట్లో జెట్ పైన నడిమి గొట్టంలో ఉంటుంది. కార్బ్ క్లీనర్ కొట్టి, కరెంటు వైర్లోంచి ఒక్క రాగి పోగు తీసి రంధ్రంలో ఆడించండి. డ్రిల్లు బిట్టు, గుండుసూది లాంటివి పెట్టొద్దు, రంధ్రం పెద్దదైతే ఇక పెట్రోల్ ఎక్కువ తాగుతూ నల్ల పొగ కక్కుతుంది.

గిన్నె చుట్టూ ఉండే రబ్బరు రింగు మీద క్లీనర్ పడనివ్వకండి, ఉబ్బిపోయి మళ్ళీ గాడిలో కూర్చోదు. విప్పే ముందు ప్రతి స్టెప్పుకీ ఫోటో తీసుకోండి, స్ప్రింగులు ఎక్కడివి అక్కడ పెట్టడానికి పనికొస్తుంది.

కారీ_గోదారోడు (కారీ, నార్త్ కరోలినా)

మావయ్య గారు చెప్పినదానికి ఒకటి కలుపుతా. విప్పే ముందు ట్యాంక్ మూత కొంచెం లూజు చేసి ఒకసారి లాగి చూడండి. మూతలో గాలి పోయే సన్న దారి ఉంటుంది, అది మూసుకుపోతే ట్యాంక్‌లో వాక్యూమ్ అయి పెట్రోల్ దిగదు. పది నిమిషాలు బాగా నడిచి ఆగిపోయి, కాసేపాగితే మళ్ళీ స్టార్ట్ అయ్యే మోవర్లకి తరచు ఇదే జబ్బు. మీది అది కాకపోవచ్చు గానీ చూడ్డానికి పైసా ఖర్చు లేదు కదా

పాలమూరు_పిల్లగాడు (ఫ్రిస్కో, టెక్సాస్)

అన్నా నాది వేరే ముచ్చట, స్టార్ట్ అయితది గని ఇంజన్ ఒక తీరుగ ఉండది, ఊఁ అని లేస్తది మళ్ల పడిపోతది, మళ్ల లేస్తది. గడ్డి కోస్తున్నంత సేపు గట్లనే. ప్లగ్ కొత్తది ఏసిన, ఏం ఫరక్ లేదు. గిది గూడ కార్బొరేటరేనా?

మెకానిక్_మావయ్య

అదే బాబూ. గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైనప్పుడు అలా లేచి పడుతుంది. ఇంజన్ స్పీడు పడిపోగానే గవర్నర్ (స్పీడు అదుపు చేసే భాగం) త్రాటిల్ తెరుస్తుంది, స్పీడు పెరగ్గానే మూస్తుంది, అలా ఊగుతూ ఉంటుంది. స్టార్ట్ అవుతోంది కాబట్టి పూర్తిగా మూసుకుపోలేదు, సగం మూసుకుంది. చిన్న జెట్, అంటే పైలట్ జెట్ చూడు. అది కూడా అయ్యాక తగ్గకపోతే కార్బొరేటర్‌కి ఇంజన్‌కి మధ్య గ్యాస్కెట్ (సందు మూసే పల్చటి పలక) చూడు, అక్కడ దొంగగాలి లాగితే కూడా ఇలాగే ఉంటుంది. గవర్నర్ స్ప్రింగు మాత్రం వంచడాలు అవీ చెయ్యకు, ఇంజన్ లిమిట్ దాటి తిరిగితే కనెక్టింగ్ రాడ్ విరిగి బయటికొస్తుంది.

కొత్తిల్లు_ప్రాస్పర్

పట్టుకుందండీ!! గిన్నె విప్పితే అడుగున తేనె రంగులో జిగురు, ఒక మూల తెల్లటి పొడి. బోల్టు రంధ్రం ఒకటి పూర్తిగా మూసుకుపోయింది. రాగి పోగుతో తీసి, కొత్త పెట్రోల్ పోసి, లాగగానే లేచింది. మా నాన్నగారు ఇక్కడే ఉన్నారు, ఆయన నాకంటే ఎక్కువ సంబరపడ్డారు, మోటారు పంపుసెట్లు విప్పిన చేతులు కదా.

ఇప్పుడు మిగతా సర్వీస్ కూడా ఇదే ఊపులో చేసేద్దాం అనుకుంటున్నా. ఆయిల్ నల్లగా ఉంది. షాపులో ఎస్ఏఈ 30 అని ఒకటి, 10డబ్ల్యూ-30 అని ఒకటి, సింథటిక్ 5డబ్ల్యూ-30 అని ఒకటి. ఏది పోయాలి?

ఎడిసన్_అన్న (ఎడిసన్, న్యూజెర్సీ)

ఎస్ఏఈ 30 కళ్ళు మూసుకుని పోసెయ్యండి. ఎప్పట్నుంచో అదే పోస్తున్నాం, చిన్న ఇంజన్లకి సింథటిక్ అక్కర్లేదు డబ్బు దండగ.

కారీ_గోదారోడు

అన్నా పూర్తిగా ఒప్పుకోను. బ్రిగ్స్ వాళ్ళ మాన్యువల్లో ఉష్ణోగ్రతల చార్ట్ ఉంటుంది చూడండి. ఎస్ఏఈ 30 అనేది 40 డిగ్రీల ఫారెన్‌హీట్ పైన వాడాల్సింది, అంతకన్నా చలిలో చిక్కబడి స్టార్టింగ్ కష్టం. 10డబ్ల్యూ-30 వాడొచ్చు కానీ 80 డిగ్రీలు దాటితే ఆయిల్ ఎక్కువ తాగొచ్చని వాళ్ళే రాస్తారు. సింథటిక్ 5డబ్ల్యూ-30 అన్ని ఉష్ణోగ్రతలకీ సరిపోతుంది. టెక్సాస్‌లో జులైలో 100 దాటాక కోసే గడ్డికి ఎస్ఏఈ 30 గానీ సింథటిక్ గానీ, 10డబ్ల్యూ-30 వద్దు. హోండా ఇంజన్ అయితే లెక్క వేరు, వాళ్ళు 10డబ్ల్యూ-30 నే మామూలుగా చెప్తారు. ఎవరి ఇంజన్ మాన్యువల్ వాళ్ళు చూసుకోవడం మంచిది, మోవర్ బ్రాండ్ ఒకటి ఇంజన్ బ్రాండ్ ఒకటి ఉంటాయి కాబట్టి రెండు మాన్యువల్సూ ఉంటాయి.

మెకానిక్_మావయ్య

గోదారోడు చెప్పింది కరెక్ట్. ఏ గ్రేడ్ అన్నదానికన్నా మార్చారా లేదా అన్నది ఇంకా ముఖ్యం. కొత్త ఇంజన్ అయితే మొదటి 5 గంటలకే మార్చాలి, లోపల భాగాలు ఒకదానికొకటి అరిగి సర్దుకునేటప్పుడు వచ్చే లోహపు పొడి ఆయిల్లో ఉంటుంది. తర్వాత 50 గంటలకి, లేదా ఏడాదికోసారి, ఏది ముందైతే అది. ఈ ఇంజన్లకి కార్లలా ఆయిల్ ఫిల్టర్ ఉండదు, ఉన్న కాస్త ఆయిలే అన్నీ మొయ్యాలి. కొన్ని కొత్త బ్రిగ్స్ ఇంజన్లకి ఆయిల్ మార్చక్కర్లేదు, చూసి పోస్తే చాలు అంటారు. నేనైతే వాటికీ మారుస్తా, అది నా అభిప్రాయం.

మార్చే పద్ధతి: ఐదు నిమిషాలు నడిపి ఆపండి, గోరువెచ్చగా ఉంటే ఆయిల్ బాగా దిగుతుంది. ప్లగ్ వైరు పీకండి. పెట్రోల్ తక్కువ ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోవాలి లేదంటే వంచినప్పుడు కారుతుంది. మోవర్‌ని పక్కకి వంచి, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ గొట్టంలోంచే పాత్రలోకి పొయ్యండి. పెద్ద ట్రేలు అవసరం లేదు, ఉండేదే 15 నుంచి 18 ఔన్సులు. కొత్తది ఒక్కసారే మొత్తం పొయ్యకండి, ముప్పావు వంతు పోసి, రెండు నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ చూసి కొంచెం కొంచెం పొయ్యాలి. గీత దాటితే తెల్ల పొగ వస్తుంది, ఎయిర్ ఫిల్టర్ ఆయిల్‌తో తడుస్తుంది.

ఎడిసన్_అన్న

80 డిగ్రీల సంగతి నాకు తెలీదు, థాంక్స్ తమ్ముడూ. న్యూజెర్సీలో కూడా జులై ఆగస్టుల్లో అంతకి పైనే ఉంటుంది.

పాలమూరు_పిల్లగాడు

వంచుడు ఏ దిక్కు వంచాల్నో అది కూడ చెప్పున్రి అన్నా, మా పక్కింటాయన అడ్డంగ వంచిండు, అటెన్క స్టార్ట్ చేస్తే ఇల్లంత పొగ

మెకానిక్_మావయ్య

మంచి ప్రశ్న. ఎయిర్ ఫిల్టర్, కార్బొరేటర్ ఉన్న వైపు ఎప్పుడూ ఆకాశం వైపు ఉండాలి. అటు కిందికి వంచితే ఆయిల్ పోయి ఫిల్టర్లోకి, సిలిండర్లోకి చేరుతుంది. పక్కింటాయనకి చెప్పండి, పేపర్ ఫిల్టర్ ఆయిల్‌తో తడిస్తే ఇక పనికిరాదు, మార్చాల్సిందే. సిలిండర్లో ఆయిల్ చేరి తాడు గట్టిగా బిగుసుకుపోతే ప్లగ్ విప్పి నాలుగుసార్లు లాగితే బయటికి చిమ్మేస్తుంది, ఎదురుగా మాత్రం నిలబడొద్దు.

మాట వచ్చింది కాబట్టి ఫిల్టర్ గురించి. పేపర్‌దైతే నేలమీద మెల్లగా తట్టి దుమ్ము దులపాలి, కంప్రెసర్ గాలి కొట్టకూడదు, చిరుగుతుంది, నీళ్ళతో కడగకూడదు. స్పాంజిదైతే సబ్బు నీళ్ళతో కడిగి పిండి పూర్తిగా ఆరబెట్టి, మాన్యువల్లో చెప్తే కాస్త ఇంజన్ ఆయిల్ పట్టించాలి. టెక్సాస్ దుమ్ముకి సీజన్‌కి ఒక పేపర్ ఫిల్టర్ ఖాయం. ప్లగ్ గ్యాప్ బ్రిగ్స్‌కి 0.030 ఇంచ్, మిల్లీమీటర్లలో 0.76. ప్లగ్ మొన లేత గోధుమ రంగులో ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు, పొడి మసి పడితే ఫిల్టర్ మూసుకుపోయిందని అనుమానించాలి. మొదట చేత్తోనే తిప్పాలి, రెంచ్ చివర్లో, అల్యూమినియం మర పోయిందంటే చాలా బాధ.

నర్సక్క_అట్లాంటా (ఆల్ఫరెట్టా, జార్జియా)

అన్నయ్యలూ తమ్ముళ్ళూ, ఇంజన్ గురించి మీకు తెలిసినంత నాకు తెలీదు కానీ ఎమర్జెన్సీలో పనిచేస్తాను కాబట్టి ఒక్కటి రాయకుండా ఉండలేను. ఎండాకాలం వచ్చిందంటే మోవర్ దెబ్బలు వస్తాయి, పాదాలు, వేళ్ళు. 1982 నుంచి అమెరికాలో అమ్మే మోవర్లకి హ్యాండిల్ దగ్గర కడ్డీ వదిలితే 3 సెకన్లలో బ్లేడ్ ఆగాలని రూల్ ఉంది. కొందరు ఆ కడ్డీని టేపుతోనో తాడుతోనో కట్టేస్తారు చెయ్యి నొప్పి అని, దయచేసి ఆ పని ఎవరూ చెయ్యకండి, మీరు జారిపడినప్పుడు మిమ్మల్ని కాపాడేది అదొక్కటే.

డెక్ (బ్లేడ్ మీది కప్పు) కింద గడ్డి ఇరుక్కుంటే ఇంజన్ ఆపి, ప్లగ్ వైరు పీకి, అప్పుడు కర్రతో తీయండి. చేత్తో బ్లేడ్ తిప్పితే ఇంజన్ ఒక్కసారి పట్టుకుని బ్లేడ్ గిర్రున తిరిగే అవకాశం ఉంది. పన్నెండేళ్ళు నిండని పిల్లలకి తోసే మోవర్ ఇవ్వొద్దు, రైడింగ్ మోవర్ అయితే పదహారు, ఇది పిల్లల డాక్టర్ల అకాడమీ చెప్పే లెక్క. ఆరేళ్ళ లోపు పిల్లల్ని కోస్తున్నంతసేపు ఇంట్లోనే ఉంచండి. తాతయ్యలు మనవల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని రైడింగ్ మోవర్ నడిపే వీడియోలు చూస్తుంటే నాకు వణుకు వస్తుంది. ఇంకోటి, సర్వీస్ అయ్యాక టెస్ట్ చెయ్యడానికి గరాజ్‌లో స్టార్ట్ చెయ్యకండి, తలుపు తీసున్నా సరే, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

కొత్తిల్లు_ప్రాస్పర్

అక్కా చాలా థాంక్స్. మా బాబుకి నాలుగేళ్ళు, మోవర్ వెనక పరిగెడదామని కూర్చున్నాడు. కోసేటప్పుడు వాడు నాన్నగారితో లోపలే ఉంటాడు, అది ఖాయం.

కారీ_గోదారోడు

బ్లేడ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. నాకు అన్నిట్లోకీ ఇష్టమైన పని అదే. కోసిన మర్నాడు గడ్డి కొసలు చూడండి, నున్నగా తెగి ఉంటే బ్లేడ్ బాగుంది, చీలికలు పీలికలై తెల్లగా ఎండిపోతుంటే బ్లేడ్ కొయ్యట్లేదు, పీకుతోంది. అలా చిరిగిన కొస ఎక్కువ నీళ్ళు పోగొట్టుకుంటుంది, తెగులు కూడా తొందరగా పడుతుంది. జనం ఎరువు కొంటారు, మందు కొడతారు, బ్లేడ్ మాత్రం కొన్ననాటి నుంచి విప్పరు.

25 గంటలకోసారి విప్పి సాన పట్టాలి. డెక్ అంచుకీ బ్లేడ్‌కీ మధ్య ఒక చెక్క ముక్క అడ్డం పెట్టి బోల్టు విప్పాలి. పైకి తిరిగిన రెక్కలు డెక్ వైపు ఉంటాయి, తిరిగి బిగించేటప్పుడు అదే గుర్తు. గ్రైండర్ కన్నా ఆకురాయి మేలు, టైమ్ పట్టినా సరే, గ్రైండర్‌తో మొన నీలంగా కాలితే ఆ ఉక్కు మెత్తబడి పదును నిలవదు. ముందే ఉన్న ఏటవాలుని అనుసరించి రుద్దండి, సుమారు 30 డిగ్రీలు. వెన్నపూస కత్తి అంత పదును చాలు, గడ్డం గీసే అంత పదును పెడితే మొదటి రాయికే మొన విరుగుతుంది.

తర్వాత గోడకి మేకు కొట్టి నడిమి రంధ్రం దానికి తగిలించండి. ఏ వైపు కిందికి వాలితే ఆ వైపు ఇంకొంచెం రుద్దాలి, అడ్డంగా నిలబడేదాకా. బ్యాలెన్స్ లేకుండా బిగిస్తే నిమిషానికి మూడు వేల సార్లు తిరిగేటప్పుడు ఆ అదురుడు అంతా బ్లేడ్ తిప్పే ఇరుసు అయిన క్రాంక్‌షాఫ్ట్ మీద పడుతుంది. బ్లేడ్ వంగితే మళ్ళీ సాపు చెయ్యాలని చూడకండి, మార్చెయ్యడమే.

తెనాలి_టు_ప్లేనో (ప్లేనో, టెక్సాస్)

నాదొక ప్రశ్న. పోయిన వారం స్ప్రింక్లర్ హెడ్‌కి తగిలి ధడేల్‌మని ఆగింది. ఇప్పుడు తాడు లాగితే చేతిలోంచి వెనక్కి లాక్కుంటోంది, ఒకసారి వేళ్ళు నొప్పి పుట్టాయి. పెట్రోల్ కొత్తదే, ప్లగ్ స్పార్క్ ఇస్తోంది. కార్బొరేటర్ విప్పాలా?

మెకానిక్_మావయ్య

కార్బొరేటర్ ముట్టుకోకండి. మీ సమస్య ఫ్లైవీల్ (ఇంజన్ పైన తిరిగే బరువైన చక్రం) కీ అనే ముక్కది. క్రాంక్‌షాఫ్ట్‌కీ ఫ్లైవీల్‌కీ మధ్య చిన్న మెత్తని లోహపు ముక్క ఉంటుంది, బ్లేడ్ గట్టిదానికి తగిలి టక్కున ఆగితే అది తెగాలి, క్రాంక్ మీద పడే దెబ్బ కొంతైనా తగ్గుతుంది. అది సగం తెగితే స్పార్క్ రావాల్సిన టైముకి రాదు, అందుకే తాడు వెనక్కి గుంజుతోంది. పైన కవర్ తీసి, ఫ్లైవీల్ నట్టు విప్పి, పుల్లర్‌తో ఫ్లైవీల్ లేపితే కనపడుతుంది. కీ అయిదారు డాలర్ల లోపే. దానికన్నా ముందు ఒకటి చూడండి: ప్లగ్ విప్పేసి తాడు మెల్లగా లాగుతూ కింద క్రాంక్ చివర, బ్లేడ్ బోల్టు మధ్య నిలకడగా తిరుగుతోందో లేక అటూ ఇటూ ఊగుతోందో. ఊగితే క్రాంక్ వంగింది, ఆ మోవర్ ఇక నడపొద్దు.

తెనాలి_టు_ప్లేనో

క్రాంక్ తిన్నగానే తిరుగుతోంది మావయ్య గారూ, బ్లేడ్ మాత్రం ఒక వైపు వంగింది. కీ, బ్లేడ్ రెండూ ఆర్డర్ పెట్టా.

మామిడితోట_కర్నూలు (కర్నూలు)

అమెరికా అన్నలకి నమస్కారం. మాకు లాన్ మోవర్ లేదు గానీ మామిడి తోటలో కలుపుకి బ్రష్ కట్టర్ వాడతాం, బాధలు మాత్రం ఒకటే. ఇక్కడ పెట్రోల్లో ఎథనాల్ 2022లో 10 శాతానికి వచ్చింది, 2025కి 20 అయింది. వానలు తగ్గాక మిషన్ పక్కన పెట్టి మళ్ళా జూన్‌లో తీస్తే పెట్రోల్ పైపు గట్టిపడి పగిలి ఉంటాది, కార్బొరేటర్ డయాఫ్రమ్ (లోపలి పల్చటి పొర) బిర్రబిగుసుకుని ఉంటాది. ఏం చెయ్యాల?

మెకానిక్_మావయ్య

అన్నా మీకు సలహా సూటిగా ఒకటే, పని అయిన రోజే ట్యాంక్ ఖాళీ చేసి, ఇంజన్ తనంతట తాను ఆగేదాకా నడపండి. వారాల తరబడి ఆగే మిషన్లో ఆ పెట్రోల్ నిలవ పెట్టొద్దు. టూ స్ట్రోక్ అయితే ఆయిల్ కలిపిన పెట్రోల్ ఆ వారానికి సరిపడా మాత్రమే కలుపుకోండి, లీటరుకి 20 మిల్లీ అంటే 50కి 1, 40 మిల్లీ అంటే 25కి 1, మీ మిషన్ బుక్కులో ఏది చెప్తే అది, తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది. హోండా యూఎంకే 435 లాంటి ఫోర్ స్ట్రోక్ అయితే పెట్రోల్లో ఆయిల్ కలపకూడదు, లోపల ఆయిల్ 100 మిల్లీ మాత్రమే పడుతుంది, కాబట్టి స్టార్ట్ చేసే ప్రతిసారీ చూడాలి. పైపు, ప్రైమర్ బల్బు (నొక్కి పెట్రోల్ ఎక్కించే బుడ్డి) ఏటా మార్చేసెయ్యండి, ఖర్చు చిన్నదే.

ఎడిసన్_అన్న

ఇక్కడ కూడా ఎప్పుడూ నడిచే గొడవ ఇదే, చలికాలానికి ట్యాంక్ ఖాళీ చెయ్యాలా లేక స్టెబిలైజర్ (పెట్రోల్ పాడవకుండా కలిపే మందు) పోసి నిండా నింపాలా. నేను హోండాకి ఖాళీ చేస్తా. కింద పెట్రోల్ వాల్వ్ ఉంటుంది, అది కట్టేసి ఆగేదాకా నడుపుతా, గిన్నెలో చుక్క మిగలదు. (హోండా వాళ్ళు 2023లో అమెరికాలో గ్యాస్ మోవర్లు చెయ్యడం ఆపేశారు, పార్టులు మాత్రం దొరుకుతున్నాయి, ఉన్నవాళ్ళు జాగ్రత్తగా చూసుకోండి, ఇది మంచి ఇంజన్.)

కారీ_గోదారోడు

వాల్వ్ ఉంటే మీ పద్ధతే బెస్ట్. వాల్వ్ లేని బ్రిగ్స్‌కి నేను స్టెబిలైజర్ పోస్తా, స్టాబిల్ బ్రాండ్ అయితే 2.5 గ్యాలన్లకి ఒక ఔన్స్. కానీ పోసి మూత పెట్టేస్తే చాలదు, పది నిమిషాలు నడపాలి, కార్బొరేటర్లోకి కూడా ఆ కలిసిన పెట్రోల్ చేరాలి కదా. పాడైన పెట్రోల్‌కి పోస్తే బాగవదు, కొత్తదానికే పొయ్యాలి. ఇంకా మేలు కావాలంటే ఆ చివరి ట్యాంక్ ఎథనాల్ లేని పెట్రోల్‌తో నింపడం. పంపులో 88 అని చవగ్గా కనిపించేదాంట్లో 15 శాతం ఎథనాల్ ఉంటుంది, అది మోవర్లో పొయ్యకూడదు, పంపు మీద స్టిక్కర్ కూడా ఉంటుంది.

బే_ఏరియా_బుజ్జి (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

ఇంత కష్టం ఎందుకు, బ్యాటరీ మోవర్ కొనుక్కోండి, మా దగ్గర 2024 మోడల్ నుంచి కొత్త గ్యాస్ మోవర్లు చెయ్యనివ్వట్లేదు కూడా.

మెకానిక్_మావయ్య

చిన్న యార్డ్‌కి బ్యాటరీ చాలా మంచిది తల్లీ, కాదనను. కానీ నడిచే ఇంజన్ చేతిలో ఉన్నప్పుడు దాన్ని పారేసి కొత్తది కొనడం నాకు మనసొప్పదు. ఏడాదికి ఒక ఆయిల్ సీసా, ఒక ఫిల్టర్, ఒక ప్లగ్, ఆకురాయితో ఒక గంట, దీనితో పదేళ్ళు దాటి నడిచేవి నా దగ్గరే ఉన్నాయి.

కొత్తిల్లు_ప్రాస్పర్

అప్‌డేట్: ఆయిల్, ఫిల్టర్, ప్లగ్ అయిపోయాయి. బ్లేడ్ నాన్నగారు సాన పట్టారు, మేకు మీద చక్కగా నిలబడింది. రెండు డౌట్లు మిగిలాయి. పాత ఆయిల్ ఎక్కడ ఇవ్వాలి? బ్లేడ్ బోల్టు ఎంత బిగించాలి, అంచనా మీద బిగించాలంటే భయంగా ఉంది.

మెకానిక్_మావయ్య

ఆయిల్ మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి ఆటోజోన్‌కో ఓరైలీకో (కారు పార్టుల షాపులు) పట్టుకెళ్ళండి, ఊరికే తీసుకుంటారు. అందులో పెట్రోల్ గానీ నీళ్ళు గానీ కలవకూడదు, కలిస్తే తీసుకోరు. బోల్టు అంచనా మీద వద్దు, ఆ షాపుల్లోనే టార్క్ రెంచ్ (ఎంత బిగించామో అంకెలో చూపేది) డిపాజిట్ మీద అరువిస్తారు, తిరిగిచ్చాక డబ్బు వెనక్కి వస్తుంది. ఎంత అన్నది మోడల్‌ని బట్టి మారుతుంది, డెక్ వెనక స్టిక్కర్ మీద మోడల్ నంబర్ ఉంటుంది, దాంతో టోరో సైట్‌లో మాన్యువల్ తీసి అందులో ఉన్న అంకె పెట్టండి. మొదటి కోత అయ్యాక ప్లగ్ వైరు పీకి బోల్టు ఒకసారి మళ్ళీ చూసుకోండి. మొదటి కోతకి బెర్ముడాని బాగా కిందికి, ఇంచ్ దగ్గరికి దించొచ్చు, ఆ ఎండు గడ్డి అంతా బ్యాగ్‌లో పట్టాలి, మల్చ్ చేస్తే (ముక్కలు చేసి నేల మీదే వదిలితే) డెక్ కింద కూరుకుపోతుంది.

పాలమూరు_పిల్లగాడు

మావయ్యా పైలట్ జెట్ సాఫ్ చేసిన, ఇప్పుడు ఒక్క తీరుగ నడుస్తుంది. గ్యాస్కెట్ కూడ కొత్తది ఏసిన.